గర్భసంచి ఆపరేషన్ తర్వాత తోక ఎముక నొప్పి: కూర్చోలేని ఆ వారాలు ఎలా గడపాలి

గర్భసంచి తీసేస్తే పొట్ట నొప్పి ఉంటుందని అందరూ చెప్తారు. కుట్లు లాగుతాయనీ, దగ్గినా తుమ్మినా ప్రాణం పోతుందనీ ముందే విని ఉంటాం. కూర్చునే చోట నొప్పి పుడుతుందని మాత్రం ఎవరూ చెప్పరు. నాకు ఆపరేషన్ అయిన తొమ్మిదో రోజున మొదలైంది. మంచం మీద మూడు దిండ్లకు ఆనుకుని గంటన్నర సేపు సీరియళ్లు చూశాను. బాత్రూముకని లేవబోతే పిర్రల మధ్య మేకు దిగినట్టయింది. అది ఎక్కడో చెప్పడానికి సిగ్గేసి, చెకప్‌లో "నడుము నొప్పిగా ఉంది" అన్నాను. నడుముకి పూసుకునే ఆయింట్‌మెంట్ రాసిచ్చారు. వాళ్లనేం అనగలను, నేను చెప్పిన చోటే వేరు. అలా రెండు వారాలు పోయాయి.

మన దగ్గర ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు తక్కువేం కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను అడిగితే, దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు గర్భసంచి తీయించుకున్నామన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో అది దాదాపు తొమ్మిది, తెలంగాణలో దాదాపు ఎనిమిది. ఇంతమంది ఉన్నా ఈ నొప్పి గురించి మాట్లాడుకోం. ఆ చోటు అలాంటిది మరి.

నేను డాక్టర్ని కాను. డాక్టర్లనీ ఫిజియోథెరపిస్టునీ అడిగి తెలుసుకున్నదీ, నాకు పనిచేసిందీ కలిపి చెప్తున్నాను. మీ సర్జన్ దీనికి భిన్నంగా చెప్తే వారి మాటే వినండి. మీ పొట్టలో ఏం చేశారో వారికి తెలుసు.

ముందు అది తోక ఎముకేనా చూసుకోండి

వెన్నెముక చివర చిన్న చిన్న ఎముకలు మూడు నుంచి ఐదు దాకా కలిసి, లోపలికి వంగిన కొక్కెంలా ఉంటాయి. అదే తోక ఎముక. మన పెద్దవాళ్లు ముడ్డి ఎముక అంటారు. పక్కకు తిరిగి పడుకుని, పిర్రల మధ్య గాడిలో, మలద్వారానికి కొంచెం పైన ఒక వేలితో మెల్లగా నొక్కి చూడండి. సరిగ్గా అక్కడే చురుక్కుమంటే, కూర్చుంటే పెరిగి నిలబడితే తగ్గుతుంటే, కుర్చీలోంచి లేచే ఆ ఒక్క క్షణం మరీ ఎక్కువైతే, అది తోక ఎముక నొప్పే అయ్యే అవకాశం ఎక్కువ. డాక్టర్‌కి చెప్పేటప్పుడు కూడా మాటలు రాకపోతే వేలితో చూపించండి. "నడుము" అనకండి.

నొప్పి నడుము దగ్గర మొదలై తొడ వెనక నుంచి పిక్క దాకా జారుతుంటే అది నరానికి సంబంధించింది కావచ్చు. ఒక పక్క పిర్ర లోతుల్లో నొప్పి ఉండి, మీకు గర్భసంచి జారినందుకు కింది నుంచి ఆపరేషన్ చేసి ఉంటే, లోపలి భాగం మళ్లీ జారకుండా కటి ఎముకల మధ్య ఉండే గట్టి పట్టీకి (లిగమెంట్‌కి) కుట్టి ఉండొచ్చు. అలా కుట్టిన వైపు పిర్రలో నొప్పి రావడం మామూలే, చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. డిశ్చార్జ్ కాగితంలో ఏం రాశారో ఒకసారి చదివించుకోండి.

ఇక ఇంట్లో కూర్చుని ఈ వ్యాసం చదవకుండా వెంటనే హాస్పిటల్‌కి వెళ్లాల్సినవి ఇవి. జ్వరం 100.4 ఫారన్‌హీట్ దాటడం. కింది నుంచి చెడు వాసనతో స్రావం, లేదా గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం. కింది నుంచి ఏదో జారి బయటికి వచ్చినట్టు అనిపించడం. మూత్రం రాకపోవడం, లేదా ఆగకుండా కారుతూనే ఉండటం. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టడం, ఊపిరి ఆడకపోవడం. పిర్రల గాడిలో ఎర్రగా, వేడిగా గడ్డ కట్టడం. మలమూత్రాల చోట, తొడల లోపలి వైపు తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోవడం, మోషన్ అదుపు తప్పడం. ఇవేవీ తోక ఎముక నొప్పి లక్షణాలు కావు. దిండ్లు మార్చుకుంటూ ఎదురుచూసే విషయాలు అసలే కావు.

ఎందుకొచ్చిందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది

మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ ఒకటే మాట: "వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చారు కదమ్మా, దానివల్లే, ఇక జీవితాంతం ఉంటుంది." మత్తు సూది వేసేది నడుము దగ్గర. తోక ఎముక దానికి దాదాపు జానెడు కింద ఉంటుంది. సూది గుచ్చిన చోట కొద్ది రోజులు నొప్పి ఉండొచ్చు గానీ దాన్ని తోక ఎముక దాకా లాక్కురావడం అన్యాయం.

లాప్రోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసేది), కింది నుంచి చేసే ఆపరేషన్లలో కాళ్లు పైకెత్తి స్టాండ్లకు ఆనించి గంటా రెండు గంటలు ఉంచుతారు. ఆ సమయంలో బరువంతా నడుము కింది భాగం మీదే. ఎప్పుడో కాన్పులోనో, బాత్రూములో జారిపడో దెబ్బ తిన్న తోక ఎముక అయితే ఆ పాత నొప్పి ఇప్పుడు మళ్లీ లేస్తుంది. ఇంకొకటి, మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలు ఉంటాయి చూడండి, వాటిలో కొన్ని వచ్చి అతుక్కునేది ఈ ఎముకకే. పొట్టలో నొప్పి భయానికి మనకు తెలియకుండానే వాటిని రోజంతా బిగబట్టి ఉంచుతాం. అవి ఆ ఎముకను లాగుతూ ఉంటాయి.

అన్నిటికన్నా పెద్ద కారణం మన ఇంట్లోనే ఉంటుందని నాకు ఆలస్యంగా అర్థమైంది. పొట్టను కాపాడుకోవడానికి చేసే పనులే, అంటే దిండ్లకు వాలి గంటలకొద్దీ కూర్చోవడం, కదలకపోవడం, నీళ్లు తగ్గించడం, పప్పూ కూరా మానేయడం, ఇవన్నీ ఈ ఎముక నెత్తిన పడతాయి. కాబట్టి పని మొదలుపెట్టాల్సింది ఇక్కడే.

కూర్చునే పద్ధతి మార్చండి

నిటారుగా కూర్చుంటే బరువు రెండు పిర్రల కింది ఎముకల మీదా తొడల మీదా పడుతుంది. వెనక్కి జారగిలబడితే ఆ బరువు తోక ఎముక మీదికి దొర్లుతుంది. అందుకే సగం పడుకుని సగం కూర్చున్న ఆ దిండ్ల భంగిమ సుఖంగా ఉన్నట్టే ఉండి ముంచుతుంది. పడుకుంటే పూర్తిగా పడుకోండి, కూర్చుంటే సరిగ్గా కూర్చోండి. మధ్యలో వద్దు.

కుర్చీ గట్టిదీ, ఎత్తుగలదీ ఎంచుకోండి. డైనింగ్ టేబుల్ కుర్చీ చాలు. అందులో కూర్చుంటే మోకాళ్లు తుంటి కన్నా కొంచెం కిందికి ఉండాలి, పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. మెత్తటి సోఫాలో కూరుకుపోతే లేవడానికి పొట్టా తోక ఎముకా రెండూ పట్టుకోవాల్సిందే. వంగిపోయే ప్లాస్టిక్ కుర్చీలు కూడా పక్కన పెట్టండి. చిన్న దిండొకటి పొట్టకు అడ్డంగా పెట్టుకుని, నడుము విల్లులా వంచకుండా తుంటి దగ్గర నుంచి కొద్దిగా ముందుకు వాలండి. మోచేతులు టేబుల్ మీద ఆనిస్తే ఇంకా మంచిది. కుట్లు లాగుతున్నట్టు అనిపించేంత ముందుకు మాత్రం పోకండి.

ఇప్పుడు సీటు సంగతి. మెడికల్ షాపులో అడగ్గానే ట్యూబులా గుండ్రంగా ఉండే గాలి దిండు ఇస్తారు. పైల్స్ ఆపరేషన్ వాళ్లకు ఇచ్చేది అదే. మన ఎముక ఆ చక్రం వెనక అంచు మీదికి వస్తుంది కాబట్టి చాలామందికి ఇది పనిచేయదు. నాకూ చేయలేదు. డబ్బులు దండగ. మనకు కావాల్సింది వెనక వైపు తెరిచి ఉండే, యూ ఆకారంలో కోత ఉన్న దిండు. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అది వచ్చేదాకా ఆగలేకపోతే పరుపుల షాపుకి ఎవరినైనా పంపి గట్టి స్పాంజి తెప్పించండి. మూడంగుళాల మందం, పదహారు అంగుళాల చదరం ముక్క. దాని ఒక అంచు మధ్యలో నాలుగంగుళాల వెడల్పున, ఆరేడు అంగుళాల లోపలికి కోయించి, పాత లంగా గుడ్డతో కవర్ కుట్టించండి. కోసిన వైపు వీపు వైపుకి రావాలి. దాని మీద కూర్చుని వెనక నుంచి ఆ సందులోకి చెయ్యి పెట్టి చూడండి. ఎముక కింద చెయ్యి సులువుగా ఆడాలి. ఆడకపోతే స్పాంజి మరీ మెత్తది, మీ బరువుకి అణిగిపోయింది. అదీ కుదరకపోతే రెండు తువ్వాళ్లు గట్టిగా చుట్టి, ఒక్కో తొడ కింద ఒక్కోటి పొడుగ్గా పెట్టుకుని, మధ్యలో సందు వదలండి. హాస్పిటల్‌లో ఉన్నప్పుడే మొదలుపెట్టగలిగిన చిట్కా ఇది.

దిండు ఎంత బాగున్నా ఇరవై నిమిషాలకోసారి లేవండి. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. లేచి రెండు నిమిషాలు నిలబడినా చాలు.

అన్నిటికన్నా ఇబ్బంది చూడడానికి వచ్చే బంధువులు. వాళ్లొచ్చారని మర్యాదకి లేచి కూర్చుంటాం. వాళ్లు వాళ్ల తోడికోడలి ఆపరేషన్ దగ్గర మొదలుపెట్టి ముప్పావుగంట మాట్లాడతారు. "పిన్నీ, కూర్చుంటే నొప్పిగా ఉంది, పక్కకి తిరిగి పడుకుని మాట్లాడతా, ఏమీ అనుకోకు" అనండి. ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నా వాళ్లు లేచి వెళ్లిపోయాక నొప్పి మిగిలేది మనకే. మీకు నోరు రాకపోతే ఆ మాట చెప్పే బాధ్యత ఇంట్లో ఒకరికి ముందే అప్పగించండి.

నేల మీద కూర్చోవడం ఈ ఆరు వారాలు మర్చిపోండి. కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరగడం, చాప మీద భోజనం, పూజ దగ్గర పీట, బాత్రూములో చిన్న పీట మీద స్నానం, అన్నీ. స్నానానికి ఎత్తు స్టూల్ వేసుకోండి, దాని మీద మడిచిన తువ్వాలు వేసుకుంటే జారకుండా కూడా ఉంటుంది. దేవుడికి నిలబడి దండం పెట్టుకున్నా అందుతుంది.

పడుకోవడం, లేవడం

పక్కకు తిరిగి పడుకోవడమే అన్నిటికన్నా మేలు. మోకాళ్లు కొద్దిగా మడిచి మధ్యలో ఒక దిండు, పొట్ట కింద ఆనేలా పల్చటి చిన్న దిండు. పొట్ట కోసి చేసిన ఆపరేషన్ అయితే మొదటి వారం పక్కకు తిరగడానికి భయమేస్తుంది. పొట్ట కింది దిండు పెట్టాక ఆ వేలాడినట్టు ఉండే లాగుడు తగ్గుతుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి. గంటకో రెండు గంటలకో ఒకసారి వైపు మారండి. కదలకుండా వెల్లకిలా ఉండిపోతే ఎముక మీది చర్మం కందుతుంది. లావుగా ఉన్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు రోజుకోసారి అక్కడ చర్మం ఎర్రబడిందేమో ఇంట్లో వాళ్లను చూడమనండి.

సాగిపోయిన నవారు మంచం, మధ్యలో గుంట పడిన పాత దూది పరుపు పనికిరావు. ఉయ్యాలలో పడుకున్నట్టు వీపు గుండ్రంగా వంగుతుంది, లేవడం నరకం. కొంచెం గట్టి పరుపు, మోకాలి ఎత్తు మంచం ఉండాలి.

లేచేటప్పుడు వెల్లకిలా నుంచి నేరుగా లేవకండి. ముందు మోకాళ్లు మడవండి. భుజాలూ తుంటీ ఒకేసారి కదిలేలా దుంగలా పక్కకు దొర్లండి. కాళ్లు మంచం దిగువకి జారుస్తూ, కింది మోచేత్తో, పై అరచేత్తో మంచాన్ని నెట్టి లేవండి. ఊపిరి బిగబట్టకుండా వదులుతూ లేవాలి. కుర్చీలోంచి లేచేటప్పుడు ముందు అంచు దాకా జరిగి, పాదాలు వెనక్కి లాక్కుని, ముక్కు మోకాళ్ల మీదికి వచ్చేలా వాలి, తొడల బలంతో పైకి లేవండి. అలా లేస్తే ఆ మేకు దిగడం సగానికి సగం తగ్గుతుంది. కూర్చునేటప్పుడు కూడా దబ్బున పడకండి.

మోషన్ మెత్తగా రావాలి

ఇది చెప్పడానికే ఇంత రాస్తున్నానేమో. గట్టిపడిన మలం పేగు చివరికి వచ్చి సరిగ్గా తోక ఎముక ముందు నిలబడుతుంది. దాన్ని బయటికి పంపడానికి ముక్కితే ఎముకా, దానికి అతుక్కున్న కండరాలూ, పొట్టలోని కుట్లూ అన్నీ ఒకేసారి లాగుతాయి. ఆపరేషన్ తర్వాత మలబద్ధకం రావడానికి కారణాలు కావాల్సినన్ని. మత్తు, కదలకపోవడం, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు, రక్తం తక్కువుందని ఇచ్చే ఐరన్ మాత్రలు.

వీటికి తోడు మన పథ్యం. పప్పు తింటే చీము పడుతుందంటారు, నీళ్లు ఎక్కువ తాగితే కుట్లకు నీరు పడుతుందంటారు, ఆకుకూర చలవంటారు, పండు జలుబంటారు. చివరికి మిగిలేది వెల్లుల్లి కారం, అన్నం. మా అత్తయ్య నాకు పది రోజులు అదే పెట్టింది, ప్రేమతోనే. పప్పుకీ చీముకీ సంబంధం లేదు. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి, అవి పప్పులో ఉన్నాయి. అత్తగారితో వాదించే ఓపిక లేకపోతే డాక్టర్‌తో ఆ మాట ఆవిడ ముందే చెప్పించండి. నా విషయంలో అదే పనిచేసింది.

డాక్టర్ మామూలు తిండి మొదలుపెట్టమన్నాక పెసరపప్పు, బీరకాయ, సొరకాయ, పాలకూర, బొప్పాయి, జామ, మజ్జిగ తీసుకోండి. మొదటి వారం గ్యాస్ వల్ల ఉబ్బరం ఉంటే శనగపప్పు, బఠాణీలు లాంటివి కొంచెం ఆపండి, అంతే. గుండె, కిడ్నీ జబ్బులు లేనివాళ్లు రోజుకి రెండు రెండున్నర లీటర్ల నీళ్లు తాగాలి. ఇసబ్‌గోల్ వేసుకుంటే నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని, పైన ఇంకో గ్లాసు తాగండి. నీళ్లు లేకుండా అది కూడా గడ్డకట్టి ఎదురు తిరుగుతుంది. రెండు మూడు రోజులైనా మోషన్ రాకపోతే లాక్టులోజ్ లాంటి సిరప్ కోసం డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఆముదం తాగేయడం లాంటి మోటు వైద్యం ఇప్పుడు వద్దు, పొట్ట మెలిపెట్టి విరేచనాలు పట్టుకుంటే కుట్లున్న పొట్ట తట్టుకోలేదు.

కింద కూర్చునే టాయిలెట్ అయితే దాని మీద పెట్టే కమోడ్ కుర్చీ కొనుక్కోండి, లేదా అద్దెకి తెచ్చుకోండి. కమోడ్ మీద కూర్చున్నాక పాదాల కింద చిన్న పీట పెట్టుకోండి. మోకాళ్లు తుంటి కన్నా పైకి వస్తే దారి సూటిగా అవుతుంది, ముక్కే పని తగ్గుతుంది. మోచేతులు తొడల మీద ఆనించి, పొట్టకు దిండు అదిమి, నోరు తెరిచి ఊపిరి వదలండి. పది నిమిషాల్లో రాకపోతే లేచి వచ్చేయండి. ఫోన్ లోపలికి తీసుకెళ్లకండి.

కాపడం, మందులు

వేడి నీళ్ల బ్యాగ్‌ని గుడ్డలో చుట్టి, పక్కకు తిరిగి పడుకుని, పిర్రల పైభాగం దగ్గర పదిహేను నిమిషాలు పెట్టుకోవచ్చు. కొందరికి ఐస్ బాగా పనిచేస్తుంది. గుడ్డలో చుట్టి పది నిమిషాలు, నేరుగా చర్మం మీద పెట్టకూడదు. రెండూ చేసి చూసి, ఏది హాయిగా ఉంటే అది. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లు వేడి విషయంలో జాగ్రత్త, కాలినా తెలియదు. పొట్ట కుట్ల మీద మాత్రం కాపడం వద్దు.

తోక ఎముక నొప్పి అంటే ఎవరైనా మొదట చెప్పేది టబ్బులో గోరువెచ్చటి నీళ్లు పోసి కూర్చోమని. మామూలప్పుడు అది మంచి సలహానే. గర్భసంచి తీసిన చోట లోపల కుట్లు మానకముందు నీళ్లలో మునిగి కూర్చోకూడదు. సర్జన్ సరే అనేదాకా ఆగండి. అప్పటిదాకా స్నానంలో నిలబడి, మగ్గుతో గోరువెచ్చటి నీళ్లు నడుము కింద పోయించుకుంటే అదే హాయి.

నూనె రాసి మెల్లగా నిమిరితే ఫర్వాలేదు. గట్టిగా రుద్దించుకోవడం, పిల్లలతో నడుము తొక్కించుకోవడం, "ఎముక జరిగింది, సరిచేస్తా" అనేవాళ్ల చేతికి చిక్కడం వద్దు.

మాత్రల్లో నేను చేసిన తప్పు మీరు చేయకండి. హాస్పిటల్ వాళ్లిచ్చిన మాత్ర ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసినది. అది చాలక నేను విడిగా పారాసెటమాల్ 650 వేసుకున్నాను. రెండిట్లోనూ అదే మందని స్ట్రిప్ తిరగేసి చదివితే గానీ తెలియలేదు. పెద్దవాళ్లకు 24 గంటల్లో పారాసెటమాల్ 4 గ్రాములు దాటకూడదు. లివర్ జబ్బు ఉన్నవాళ్లకు, బరువు బాగా తక్కువున్నవాళ్లకు ఇంకా తక్కువే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కడుపులో పుండ్లు, కిడ్నీ సమస్య, బీపీ ఉన్నవాళ్లకు ప్రమాదం కావచ్చు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోకండి. నొప్పి రోజంతా ఉంటే డాక్టర్ చెప్పిన మోతాదు టైముకి వేసుకోవడమే నయం. భరించలేనంత అయ్యాక వేసుకుంటే మందు అందుకునేసరికి మధ్యాహ్నం అవుతుంది.

బిగించకండి, వదలండి

ఆపరేషన్ తర్వాత కింది కండరాలు బిగించే కీగల్ వ్యాయామాలు చేయమని ఎక్కడ చూసినా చెప్తారు. మూత్రం ఆపుకోలేనివాళ్లకు అవి మంచివే. తోక ఎముక నొప్పికి కారణం ఆ కండరాలు ముందే బిగుసుకుపోవడం అయితే, వాటిని ఇంకా బిగించడం వల్ల నొప్పి పెరగొచ్చు. చేస్తుంటే నొప్పి ఎక్కువైతే ఆపేసి ఫిజియోథెరపిస్టుని అడగండి.

అంతవరకూ ఇది చేయండి. పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండుతో పడుకుని, దవడ వదులు చేయండి. ముక్కుతో మెల్లగా గాలి పీల్చండి, పొట్ట దానంతటదే పైకి లేవనివ్వండి. అదే సమయంలో మూత్రం వదిలేటప్పుడు కింద ఎలా వదులవుతుందో అలా వదిలేయండి. తోయకూడదు, ఊరికే వదలాలి. నోటితో గాలి బయటికి. ఐదు నిమిషాలు, రోజుకి మూడు నాలుగు సార్లు. మొదటి రెండు రోజులు ఏమీ తెలియదు. నాకు మూడో రోజున అర్థమైంది, ఇన్నాళ్లూ ఎంత బిగబట్టుకుని ఉన్నానో.

నడక మొదటి రోజు నుంచే. ఇంట్లోనే ఐదేసి నిమిషాలు, రోజుకి ఐదారు సార్లు, తర్వాత మెల్లగా పెంచుకుంటూ. నడుస్తున్నప్పుడు తోక ఎముక మీద బరువు ఉండదు, మోషన్ కదులుతుంది, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది. మోకాలిని ఛాతీ వైపు లాక్కునే సాగదీతలు, యోగాసనాలు లాంటివి మాత్రం చెకప్‌లో అడిగాకే.

ప్రయాణం, పని

చెకప్‌కి వెళ్లడం తప్పదు. ఆటోలో గుంటల రోడ్డు మీద వెళ్తే ప్రతి గుంటా ఎముకకి తెలుస్తుంది. కుదిరితే కారు, ముందు సీటు, సీటు వాల్చకుండా నిటారుగా, కింద మీ యూ దిండు. సీటు బెల్టుకీ పొట్టకీ మధ్య పల్చటి తువ్వాలు. బండి మీద ఒక పక్కకి కూర్చుని వెళ్లడం ఈ ఆరు వారాలు వద్దు. దూర ప్రయాణమైతే గంటకోసారి ఆపి నాలుగడుగులు వేయండి. బస్సే గతి అయితే చివరి సీట్లు కాకుండా మధ్యలో, చక్రాల మీద పడని సీటు చూసుకోండి.

పొట్ట కోసి చేసిన ఆపరేషన్‌కి సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు, లాప్రోస్కోపీ, కింది నుంచి చేసినవాటికి అంతకన్నా తక్కువ విశ్రాంతి చెప్తారు. కానీ ఆ లెక్క పొట్టది. తోక ఎముక లెక్క మీరు ఏ పని చేస్తారన్న దాని మీద ఉంటుంది. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు మొదట సగం రోజుతో మొదలుపెట్టండి, నిలబడి చేసే పనులు ముందు చేయండి. కుట్టు మిషన్ వాళ్లకు స్టూల్ ఎత్తు పెంచుకుని యూ దిండు వేసుకోవడం, ఒక్కో జాకెట్‌కి ఒకసారి లేవడం పనికొస్తుంది. నిజామాబాద్, జగిత్యాల వైపు నేల మీద కూర్చుని రోజంతా బీడీలు చుట్టే అక్కలకి ఇది అందరికన్నా కష్టం. చాట ఒళ్లో పెట్టుకోవడానికి అలవాటైన చేతికి టేబుల్ ఎత్తు మొదట్లో కుదరదు, వేగం తగ్గుతుంది. అయినా మొదటి రెండు మూడు నెలలు ఎత్తు బల్ల మీద కూర్చునే చుట్టండి. నాట్లు, కలుపు, బిందెలు మోయడం లాంటివి డాక్టర్ చెప్పేదాకా ఊసే వద్దు.

ఆరు వారాల చెకప్‌లో ఏం అడగాలి

చాలామందికి ఈ నొప్పి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో ఇలాంటి జాగ్రత్తలతోనే తగ్గుతుంది. ఆరు వారాలకీ కూర్చోలేకపోతుంటే ఆ రోజు సిగ్గుపడకుండా చెప్పి పరీక్ష చేయమనండి. లోపల చీము, రక్తం గడ్డ లేవని గైనకాలజిస్టు చూసి తేల్చాక ఎముకల డాక్టర్ దగ్గరికి పంపుతారు. మలద్వారం నుంచి వేలితో ఎముకను పరీక్షించాల్సి రావచ్చు. అర నిమిషం పని, ఆడ డాక్టర్ కావాలని అడగొచ్చు, పక్కన తోడుగా ఒకరిని ఉంచుకోవచ్చు. ఎక్స్‌రే తీస్తే నిలబడి ఒకటి, కూర్చుని ఒకటి తీస్తారా అని అడగండి. కూర్చున్నప్పుడు ఎముక ఎలా కదులుతోందో అలాగే తెలుస్తుంది. ఆ తర్వాత ఫిజియోథెరపీ, అప్పటికీ తగ్గకపోతే ఎముక దగ్గర ఇంజెక్షన్. ఎముక తీసేసే ఆపరేషన్ దాకా వెళ్లేవాళ్లు చాలా అరుదు.

అండాశయాలు కూడా తీసేశారేమో అదే రోజు కనుక్కోండి. రెండూ తీసేస్తే ఏ వయసులోనైనా ముట్లుడిగినట్టే, ఒళ్లు నొప్పులు, ఎముకల బలం తగ్గడం త్వరగా మొదలవుతాయి. ముఖ్యంగా 45 ఏళ్ల లోపు వాళ్లు హార్మోన్ మాత్రలు, కాల్షియం, విటమిన్ డి గురించి తప్పకుండా అడగాలి.

నేల మీద కూర్చోవడానికి తొందరపడకండి. డాక్టర్ సరే అన్నాక, గోడ పక్కన, పట్టుకుని లేవడానికి కుర్చీ దగ్గర పెట్టుకుని, మందపాటి బొంత మడత మీద మీ యూ దిండు వేసుకుని ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి. మర్నాడు నొప్పి పెరగకపోతే పది. నాకు నాలుగో నెలలో కుదిరింది. మొదటిసారి కింద కూర్చుని చేసిన పని గోంగూర వలవడం, సగం కట్ట కాగానే లేచిపోయి మిగతాది నిలబడి వలిచాను.